ఓడిపోతేనే జట్టు బాగుపడుతుందా? డెట్రాయిట్ పేరుతో తిరుగుతున్న తప్పుడు సూత్రం

అమెరికన్ ఫుట్‌బాల్ కొత్త సీజన్ దగ్గర పడుతోందంటే చాలు, ఒక మాట ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కిందటి ఏడాది చిత్తుగా ఓడిన జట్ల అభిమానులు దాన్ని ఒకరికొకరు పంపుకుంటారు. డెట్రాయిట్ శివార్లలోని నోవై, కాంటన్, ట్రాయ్ లాంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, ముఖ్యంగా ఇక్కడే పుట్టి పెరిగి ఆదివారాలు డెట్రాయిట్ జట్టు లయన్స్ ఆటకు అతుక్కుపోయే పిల్లల్లో, అది వేదవాక్కుగా చలామణి అవుతోంది. ఆ మాట ఇది:

"జట్టును కొత్తగా కట్టాలంటే ముందు రెండేళ్లు కావాలనే ఓడిపోవాలి. అప్పుడు డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ దక్కుతుంది. దాంతో ఒక గొప్ప క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకోవాలి. పాతవాళ్లందరినీ వదిలించుకోవాలి. డెట్రాయిట్ లయన్స్ చేసింది ఇదే, ఎక్కడికి ఎదిగారో చూడండి!"

ఇందులో ప్రతి వాక్యమూ తప్పుదారి పట్టించేదే. అన్నిటికన్నా పెద్ద పొరపాటు డెట్రాయిట్‌ను సాక్ష్యానికి పిలవడం. ఆ జట్టు చరిత్ర ఈ సూత్రానికి పూర్తి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, దాన్ని అందుకునేవాడు రిసీవర్. ఏటా ఏప్రిల్ ప్రాంతంలో కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఏడు రౌండ్లుగా జరుగుతుంది. ఐపీఎల్ వేలంలో మాదిరిగా డబ్బు పెట్టి పాడుకోవడం ఉండదు, వంతుల ప్రకారం ఎంచుకోవాలి. కిందటి సీజన్‌లో అందరికన్నా అడుగున నిలిచిన జట్టుకు తొలి వంతు. ఆ వంతునే పిక్ అంటారు. దాన్ని ఇంకో జట్టుకు ఇచ్చి ప్రతిఫలంగా ఆటగాళ్లనో వేరే పిక్‌లనో తీసుకోవచ్చు. బలహీనులకు చేయూతనివ్వడానికి పెట్టిన ఈ నియమం నుంచే 'ఓడితే లాభం' అన్న ఆలోచన పుట్టింది.

"డెట్రాయిట్ కావాలనే ఓడింది."

2021 జనవరిలో జనరల్ మేనేజర్‌గా బ్రాడ్ హోమ్స్, ప్రధాన కోచ్‌గా డాన్ క్యాంప్‌బెల్ వచ్చారు. ఆ సీజన్‌లో లయన్స్ 17 ఆటల్లో మూడే గెలిచింది, ఒకటి సమమైంది. పట్టిక మాత్రమే చూసేవాళ్లకు కావాలని ఓడినట్టే కనిపించవచ్చు. ఆటలు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

సెప్టెంబర్ 26న బాల్టిమోర్‌తో ఆట. గెలుపు చేతికందిన చివరి క్షణంలో జస్టిన్ టక్కర్ 66 గజాల నుంచి తన్నిన బంతి గోల్ అడ్డుకమ్మీకి తగిలి పైకి ఎగిరి అవతల పడింది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అంత దూరం నుంచి ఎవరూ ఫీల్డ్ గోల్ కొట్టలేదు. లయన్స్ 19-17తో ఓడింది. రెండు వారాల తరువాత మిన్నెసోటాలో 37 సెకన్లు మిగిలి ఉండగా ఒక్క పాయింటు ఆధిక్యం తెచ్చుకుని, చివరి తన్నుతో మళ్లీ అదే 19-17కు ఓడింది. ఆ రోజు విలేకరుల ముందు క్యాంప్‌బెల్ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఓడాలనుకున్న మనిషి కళ్లలో ఆ నీళ్లు రావు.

తొలి గెలుపు డిసెంబర్ 5న, అదే మిన్నెసోటా మీద వచ్చింది. నాలుగు సెకన్లే ఉన్నాయి, నాలుగోదీ ఆఖరిదీ అయిన ప్రయత్నం, గోల్ గీతకు 11 గజాల దూరం. జారెడ్ గాఫ్ విసిరిన బంతిని అమాన్-రా సెయింట్ బ్రౌన్ గీత దాటి అందుకున్నాడు. గడియారం సున్నాకు చేరింది. 29-27. ఆ క్షణాన ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియంలో ఎగిరి గంతులేసినవాళ్లు, వరసగా పదకొండు ఆటలు గెలుపన్నది చూడని జట్టు ఆటగాళ్లు.

ఈ వాదనను పూర్తిగా కూల్చేసే రోజు మాత్రం 2022 జనవరి 9. సీజన్ చివరి ఆదివారం. లయన్స్ రెండు గెలిచి, 13 ఓడి, ఒకటి సమం చేసుకుంది. జాక్సన్‌విల్ జాగ్వార్స్ రెండు గెలిచి 14 ఓడింది. ఆ రోజు జాగ్వార్స్ ఇండియానాపోలిస్ మీద గెలిచింది. అంటే గ్రీన్ బే చేతిలో లయన్స్ ఓడిపోయి ఉంటే మొదటి పిక్ వాళ్లదే. చేయవలసింది ఏమీ లేదు, చేతులెత్తేస్తే సరిపోయేది. గ్రీన్ బే బలమైన జట్టు కాబట్టి ఎవరూ అనుమానించేవారు కూడా కాదు. కానీ ఆ మధ్యాహ్నం లయన్స్ ఏం చేసిందో చూడండి. టామ్ కెన్నెడీ అనే రిసీవర్, బంతి అందుకోవడమే తప్ప విసరడం తన పని కానివాడు, ఎత్తుగడలో భాగంగా బంతి విసిరాడు. కలీఫ్ రేమండ్ దాన్ని పట్టుకుని గోల్ గీత దాటేదాకా పరుగెత్తాడు. 75 గజాల టచ్‌డౌన్! లయన్స్ 37-30తో గెలిచింది. గ్రీన్ బే తన ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌ను సగం ఆట తరువాత కూర్చోబెట్టిన మాట నిజమే. అయినా ఓడిపోవాలనుకునే జట్టు ఇలాంటి పన్నాగాలు సాధన చేసి మైదానంలోకి రాదు.

ఆ గెలుపుతో మొదటి పిక్ జాక్సన్‌విల్‌కు పోయింది. వాళ్లు ట్రావాన్ వాకర్‌ను తీసుకున్నారు. రెండో వంతు వచ్చిన లయన్స్‌కు ఎయిడన్ హచిన్సన్ దొరికాడు. డెట్రాయిట్‌కు కూతవేటు దూరంలోని ప్లిమత్ కుర్రాడు, మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఆడినవాడు, తరువాతి కాలంలో ఈ జట్టు రక్షణ దళానికి ముఖమైనవాడు. గెలిచినందుకు లయన్స్ పోగొట్టుకున్నది ఏమీ లేదు.

సరిగ్గా ఏడాది తరువాత హ్యూస్టన్‌లోనూ ఇదే జరిగింది. 2022 సీజన్ చివరి రోజున టెక్సన్స్ జట్టు ఇండియానాపోలిస్‌ను 32-31తో ఓడించి, మొదటి పిక్‌ను షికాగోకు వదులుకుంది. అభిమానులు ఒంటికాలి మీద లేచారు. ఆ తరువాత రెండో పిక్‌తో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ సి. జె. స్ట్రౌడ్ తొలి ఏడాదే జట్టును దాని డివిజన్‌లో, అంటే నాలుగు జట్ల బృందంలో, విజేతగా నిలబెట్టాడు. ఇక మొదటి పిక్? షికాగో దాన్ని కరోలినాకు అమ్మింది. కరోలినా ఒక మేటి రిసీవర్‌నూ, నాలుగు పిక్‌లనూ ధారపోసి దాన్ని కొని, క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను తీసుకుని, ఆ ఏడాది 17 ఆటల్లో రెండే గెలిచింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ ఒకటుంది, దాచను. 2020 డిసెంబర్‌లో న్యూయార్క్ జెట్స్ అనుకోకుండా రామ్స్ మీద గెలిచి, క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్‌ను తెచ్చే మొదటి పిక్‌ను పోగొట్టుకుంది. రెండో పిక్‌తో తీసుకున్న జాక్ విల్సన్ నిలబడలేదు. అయితే లారెన్స్ వచ్చిన జాక్సన్‌విల్ కూడా తొలి ఏడాది మూడే గెలిచింది. కోచ్ సీజన్ మధ్యలోనే ఉద్వాసనకు గురయ్యాడు.

"మొదటి పిక్ వస్తే దశ తిరుగుతుంది."

డెట్రాయిట్ వాళ్లకు ఈ మాట చెప్పడానికి ధైర్యం ఉండాలి. మ్యాట్ మిలెన్ 2001 నుంచి 2008 దాకా ఈ జట్టును నడిపాడు. ఆ కాలంలో పై వరస పిక్‌లకు కొదవే లేదు. 2002లో మూడో పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ జోయీ హారింగ్టన్. 2003లో రెండో పిక్‌తో రిసీవర్ చార్లెస్ రోజర్స్. 2004లో ఏడో పిక్‌తో మళ్లీ రిసీవర్, రాయ్ విలియమ్స్. 2005లో పదో పిక్‌తో ఇంకో రిసీవర్, మైక్ విలియమ్స్. 2007లో రెండో పిక్‌తో వచ్చిన కాల్విన్ జాన్సన్ ఒక్కడే నిజంగా మహా ఆటగాడు. ఇన్ని అవకాశాల ఫలితం ఏమిటి? 2008లో ఆడిన 16 ఆటల్లో 16 ఓటములు. లీగ్ చరిత్రలో 16 ఆటల సీజన్‌ను ఒక్క గెలుపూ లేకుండా ముగించిన తొలి జట్టు. ఇప్పటి కోచ్ క్యాంప్‌బెల్ ఆనాటి జట్టులో ఆటగాడు. ఓడడంలో ఉన్న 'లాభం' ఎలాంటిదో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ అవమానానికి ప్రతిఫలంగా 2009లో మొదటి పిక్ దక్కింది, క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ వచ్చాడు. సూత్రం నిజమైతే కథ అక్కడే సుఖాంతం కావాలి. స్టాఫర్డ్ డెట్రాయిట్‌లో 12 సీజన్లు ఆడాడు. మూడుసార్లు ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివర జరిగే నాకౌట్ ఆటలకు వెళ్లి, మూడుసార్లూ తొలి ఆటలోనే ఇంటికి వచ్చాడు. లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు మారిన మొదటి సీజన్‌లోనే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. అతని చెయ్యి అదే, బలం అదే. మారింది చుట్టూ ఉన్న జట్టు.

ఇక హోమ్స్ కట్టిన జట్టును విప్పి చూద్దాం. సెయింట్ బ్రౌన్ 2021లో నాలుగో రౌండ్, 112వ పిక్. తనకన్నా ముందు ఎంపికైన 16 మంది రిసీవర్ల పేర్లు అతను ఇప్పటికీ వరసగా అప్పజెబుతాడు. 2024లో అతనికి నాలుగేళ్లకు 12 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. రక్షణ వరసలో అలీమ్ మెక్‌నీల్ మూడో రౌండ్. కెర్బీ జోసెఫ్ కూడా మూడో రౌండే, 97వ పిక్. బ్రయాన్ బ్రాంచ్, టైట్ ఎండ్ (ఎదుటివాళ్లను అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసేవాడు) శామ్ లాపోర్టా రెండో రౌండ్. వీళ్లలో ఎవరి కోసమూ ఒక్క ఆట కూడా అదనంగా ఓడనక్కరలేదు, ఏ జట్టయినా తీసుకోగలిగి ఉండేది. కళ్లు తెరుచుకుని చూసినవాళ్లు తీసుకున్నారు.

"మరి ఆరో పిక్, పన్నెండో పిక్ కూడా ఉన్నాయి కదా" అంటారు. 2023 నాటి ఆరో పిక్ డెట్రాయిట్ ఓడి సంపాదించుకున్నది కాదు. స్టాఫర్డ్‌ను ఇచ్చినందుకు రామ్స్ నుంచి వచ్చింది. పైగా హోమ్స్ ఆ ఆరో పిక్‌నూ అట్టే పెట్టుకోలేదు. అరిజోనాకు ఇచ్చి పన్నెండుకు దిగి, దాంతోపాటు 34ను తెచ్చుకున్నాడు. పన్నెండుతో బంతి పట్టుకుని పరుగెత్తే జామీర్ గిబ్స్, 34తో లాపోర్టా వచ్చారు. ఆ రాత్రి పరుగు ఆటగాడికి అంత పై పిక్ ఏమిటని వ్యాఖ్యాతలు దుమ్మెత్తిపోశారు. పై పిక్‌ను నెత్తిన పెట్టుకునే మనస్తత్వం ఉంటే ఆ ఇద్దరూ వచ్చేవారు కాదు. పై వంతులు పనికిరావని నేను అనడం లేదు. ఏడో పిక్‌తో వచ్చిన పెనే సూవల్, రెండో పిక్ హచిన్సన్ ఈ జట్టుకు మూలస్తంభాలే. కానీ అవి ఓటమికి దక్కిన ఓదార్పు. దాన్నే లక్ష్యంగా పెట్టుకోమనడం అన్యాయం.

"గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఒక్కడు వస్తే చాలు."

1998లో ఇండియానాపోలిస్ మొదటి పిక్‌తో పేటన్ మానింగ్‌ను తీసుకుంది, 2007 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. అతని తరువాత మొదటి పిక్‌గా ఎంపికైన క్వార్టర్‌బ్యాక్‌లలో ఒక్కడు కూడా తనను ఎంచుకున్న జట్టుకు ఆ ట్రోఫీ తేలేదు. ఎలై మానింగ్‌ను ఎంచుకున్నది శాన్ డియాగో, అదే రోజు న్యూయార్క్‌కు మారి అక్కడ గెలిచాడు. స్టాఫర్డ్ సంగతి చెప్పాను. మరోవైపు ఆ ట్రోఫీ గెలిచిన టామ్ బ్రేడీ 199వ పిక్, జేలెన్ హర్ట్స్ 53వ పిక్. పాట్రిక్ మహోమ్స్‌ను పదో పిక్‌తో తెచ్చుకున్న కాన్సస్ సిటీ అంతకుముందు సీజన్‌లో 12 ఆటలు గెలిచిన జట్టు. వాళ్లు ఓడి కిందికి దిగలేదు, పిక్‌లు ఇచ్చి పైకి వచ్చి తీసుకున్నారు.

డెట్రాయిట్ క్వార్టర్‌బ్యాక్ ఎవరు? స్టాఫర్డ్ మార్పిడిలో రామ్స్ వద్దనుకుని పంపించిన జారెడ్ గాఫ్. అతనూ 2016లో మొదటి పిక్కే, కానీ డెట్రాయిట్‌కు వచ్చేసరికి అందరూ అతని మీద ఆశ వదిలేసుకున్నారు. రెండు మొదటి రౌండ్ పిక్‌లు రావాలంటే భరించవలసిన బరువుగా చూశారు. 2024 జనవరి 14న ఫోర్డ్ ఫీల్డ్‌లో ప్లేఆఫ్ ఆట జరిగింది. ఎదుటి జట్టు రామ్స్, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్. లయన్స్ 24-23తో గెలిచింది. 1992 జనవరి తరువాత ఆ జట్టుకు అదే తొలి ప్లేఆఫ్ విజయం. స్టేడియం మొత్తం "జారెడ్ గాఫ్" అని అరుస్తుంటే ముప్పై ఏళ్లుగా ఎదురుచూసిన పెద్దవాళ్లు ఏడ్చారు.

క్వార్టర్‌బ్యాక్ ముందా, జట్టు ముందా అన్న ప్రశ్నకు పొరుగునే ఉన్న షికాగో ఇచ్చిన జవాబు ఇంకా స్పష్టం. 2024లో మొదటి పిక్‌తో కేలబ్ విలియమ్స్ వచ్చాడు. తొలి సీజన్‌లో ప్రత్యర్థులు అతన్ని 68 సార్లు నేలకు పడగొట్టారు. జట్టు అయిదే గెలిచింది. మరుసటి ఏడాది డెట్రాయిట్ దాడి వ్యూహకర్త బెన్ జాన్సన్‌ను ప్రధాన కోచ్‌గా తెచ్చుకున్నారు, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరసలో ముగ్గురు అనుభవజ్ఞులను కొత్తగా చేర్చారు. అదే కుర్రాడితో 11 ఆటలు గెలిచి డివిజన్ విజేతలయ్యారు. పునాది వేయకుండా గుమ్మానికి తోరణం కట్టినట్టు కాక, ముందు చేయవలసింది ముందు చేశారు.

"పాతవాళ్లందరినీ వదిలించుకోవాలి."

ఈ ఒక్క మాటలో కొంత నిజం ఉంది. 2021 వసంతంలో డెట్రాయిట్ నుంచి చాలామంది వెళ్లిపోయారు. కానీ 'అందరినీ' అన్నది అబద్ధం. లయన్స్ బలమంతా ఎక్కడుంది అని అడిగితే, బంతి కదలగానే ఎదుటివాళ్లను నెట్టి నిలిపే ముందు వరస అయిదుగురు అని ఆట తెలిసినవాళ్లు చెబుతారు. ఆ వరసలో ఎడమ చివర నిలిచిన టేలర్ డెకర్ 2016లోనూ, మధ్యలో బంతి అందించే ఫ్రాంక్ రాగ్నో 2018లోనూ వచ్చారు. ఇద్దరూ హోమ్స్‌కు ముందు పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న యాజమాన్యం ఎంపిక చేసినవాళ్లే. కొత్తగా వచ్చినవాడు పాతవాళ్ల పని అని వాళ్లను తీసి పారేయలేదు.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ప్రతి జట్టుకూ జీతాలకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 2021లో అది 18.25 కోట్ల డాలర్లు. ఆటగాడికి ఒప్పందం నాడే ఇచ్చిన బోనస్‌ను లెక్కల్లో ఏళ్ల మీద పంచి చూపుతారు. అతన్ని మధ్యలో వదిలేస్తే ఇంకా లెక్కకు రాని భాగమంతా జట్టు పద్దులో పడుతుంది. స్టాఫర్డ్ వెళ్లినందుకే డెట్రాయిట్ ఆ ఏడాది సుమారు 1.9 కోట్ల డాలర్ల చోటును కోల్పోయింది. ఆడని మనిషికి అంత లెక్క! 'అందరినీ ఊడ్చేయండి' అని తేలిగ్గా అనేవాళ్లు ఈ పద్దును ఒక్కసారి చూడాలి.

"రెండేళ్లు ఓపిక పడితే చాలు."

ఓపిక కావాలి, ఒప్పుకుంటాను. అయితే ఎవరి ఓపిక? 2022 అక్టోబర్‌లో లయన్స్ ఆరు ఆటల్లో ఒకటే గెలిచి ఉన్నప్పుడు యజమానురాలు షీలా ఫోర్డ్ హాంప్ తనంతట తాను విలేకరుల ముందుకు వచ్చి, హోమ్స్ మీదా క్యాంప్‌బెల్ మీదా నమ్మకం ఉందని చెప్పింది. తరువాతి ఆట కూడా ఓడారు. ఆ పైన మిగిలిన పదిలో ఎనిమిది గెలిచారు. ఆ సీజన్ చివరి రాత్రి గ్రీన్ బేలో ఆట మొదలయ్యేసరికే వేరే ఫలితం వల్ల లయన్స్‌కు ప్లేఆఫ్స్ దారి మూసుకుపోయింది. గెలిచినా ఒరిగేది లేదు. అయినా 20-16తో గెలిచి గ్రీన్ బేకు కూడా దారి మూసేశారు. యజమాని ఓపిక పట్టింది ఓటమిని కోరుకుని కాదు, గెలవడానికి ప్రయత్నిస్తున్న మనుషులను నమ్మి. ఆ తేడాయే ఈ సందేశం పంపేవాళ్లకు పట్టదు.

2023లో 12, 2024లో 15 గెలుపులు వచ్చాయి. 2025లో జట్టు ప్లేఆఫ్స్‌కు దూరమైంది. బెన్ జాన్సన్, రక్షణ వ్యూహకర్త ఆరన్ గ్లెన్ ఇద్దరూ వేరే జట్లకు ప్రధాన కోచ్‌లుగా వెళ్లారు, రాగ్నో ఆటకు వీడ్కోలు చెప్పాడు. కారణాలు కళ్లముందు ఉండగా, 'మళ్లీ రెండేళ్లు ఓడితే సరి' అనేవాళ్లు తయారవడం నాకు బాధ కలిగిస్తోంది.

ఎందుకంటే ఓడిపొమ్మని మనం చెబుతున్నది ఆటగాళ్లకు. వాళ్లలో చాలామంది ఒప్పందాలకు పూర్తి హామీ ఉండదు. ఈ ఏడాది ఆట సరిగా లేకపోతే వచ్చే ఏడాది ఉద్యోగం ఉండదు. మోకాళ్లు, భుజాలు, తల పణంగా పెట్టి ఆడే మనిషి, తన స్థానంలోకి రాబోయే కుర్రాడి కోసం ఎందుకు ఓడాలి? మయామి యజమాని 2019లో ఓడిన ఒక్కో ఆటకు లక్ష డాలర్లు ఇస్తానన్నాడని మాజీ కోచ్ బ్రయాన్ ఫ్లోరెస్ 2022లో వేసిన దావాలో ఆరోపించాడు. యజమాని కాదన్నాడు. జట్టు ఉద్దేశపూర్వకంగా ఓడలేదని లీగ్ విచారణ తేల్చింది. ఆ సీజన్‌ను మయామి ఏడు వరస ఓటములతో మొదలుపెట్టి, అయిదు గెలిచి ముగించింది. చివరి ఆటలో న్యూ ఇంగ్లండ్‌ను దాని సొంత మైదానంలోనే ఓడించింది. పై అంతస్తులో ఎవరు ఏం కోరుకున్నా, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు ఓడడానికి రాలేదు.

వేసవి శిబిరాలకు ప్రతి జట్టూ 90 మందిని తెస్తుంది. ఆగస్టు చివరికి వాళ్లను 53కు కుదిస్తారు. జట్టు కొత్తగా కట్టుకోవడమన్నది ఎక్కువభాగం జరిగేది అక్కడే, ఎండలో, ఎవరూ పట్టించుకోని అభ్యాసాల్లో. 2022లో ఆరో రౌండ్‌లో, 188వ పిక్‌గా వచ్చిన రక్షణ దళపు లైన్‌బ్యాకర్ మాల్కమ్ రోడ్రిగెజ్, అనుభవజ్ఞులను దాటుకుని సెప్టెంబర్ తొలి ఆటకే డెట్రాయిట్ తుది జట్టులో నిలిచాడు. ఈసారి మీ జట్టు శిబిరం వార్తలు చదివేటప్పుడు మొదటి రౌండ్ పేర్లను కాసేపు పక్కన పెట్టి, చివరి రౌండ్ల కుర్రాళ్లు ఎవరి చోటుకు ఎసరు పెడుతున్నారో చూడండి.